మూడు సీసాలమ్మ

ఆవిడను పనివాళ్ళందరూ మూడు సీసాలమ్మ అంటారు. కొత్తగా విన్నవాళ్ళు దాన్ని మరోలా అర్థం చేసుకుని, సాయంత్రమయ్యేసరికి ఆవిడ నడక ఎలా ఉంటుందోనని ఓరగా చూస్తారు. ఆవిడ జన్మలో మందు చుక్క ముట్టలేదు. ఆ మూడు సీసాలూ రంగువి: ఎరుపు, పసుపు, నీలం. గోడలకు రంగులు వేయడం ఆవిడ పని. తెల్లరంగు బకెట్టు ముందేసుకుని, ఆ సీసాల్లోంచి చుక్క చుక్క పోసి కర్రతో తిప్పుతూ, ఇంటివాళ్ళు ఏ గుడ్డముక్క చూపిస్తే ఆ రంగు, ఏ పువ్వు తెస్తే ఆ రంగు తేల్చి పెడుతుంది. ఈమధ్య దుకాణాల్లో రంగులు కలిపే మిషన్లు వచ్చాయి, వెయ్యి రంగుల అట్టపుస్తకాలు వచ్చాయి. ఆవిడ వాటిని ముట్టుకోదు. "మూడింటికి వెయ్యి పేర్లు పెట్టి అమ్ముకుంటున్నారు" అని మూతి తిప్పుతుంది.

ఈ విద్య తండ్రి దగ్గర నేర్చింది. ఆయన దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఆవిడకు ఏడేళ్ళప్పుడు ఒకరోజు పగిలిన పెంకు మీద మూడు రంగులూ చెంచాడు చెంచాడు వేసి, "చూడమ్మా, ఈ మూడింటినీ ఎవరూ కలిపి తయారు చేయలేరు. మిగతావన్నీ వీటి పిల్లలు. వీటికి మాత్రం తల్లీ తండ్రీ లేరు" అన్నాడు.

"పాపం!" అంది ఆ పిల్ల. ఆయన ఆ మాట వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ చెప్పి ఏడాదిపాటు నవ్వాడు.

ఎరుపు నీమీదికి వస్తుందనీ, నీలం వెనక్కి జరుగుతుందనీ, పసుపు ఉన్నచోటే ఉండి వెలుగుతుందనీ ఆయనే చూపించాడు. పసుపు మీద ఎర్రక్షరం రాసి, దాని అంచుకు సన్నగా నీలం నీడ పెట్టేవాడు. వీధి చివరి నుంచి చూస్తే అక్షరం బోర్డులోంచి లేచి నిలబడ్డట్టుండేది. "కోపమొచ్చినవాడి మొహం ఎర్రబడుతుంది. సిగ్గుపడ్డ పిల్ల మొహమూ ఎర్రబడుతుంది. మరి ఎరుపంటే కోపమా, సిగ్గా?" అని అడిగేవాడు. "పక్కన ఏముందో చూడందే ఏ రంగునూ నమ్మకు" అని జవాబు తనే చెప్పేవాడు.

ఆవిడకు అప్పటినుంచీ ఒక నమ్మకం. ఉన్నదాన్ని చూపించడానికే రంగు అని. గోడల పనిలోకి వచ్చాక ఆ నమ్మకం పొరలు పొరలుగా ఊడిపోయింది.

పెళ్ళయ్యేనాటికి చేతిరాత బోర్డుల కాలం అయిపోయింది. భర్త లారీ డ్రైవరు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఆయనకు తెలిసిన రంగులు ఆగమనేది, చూసుకోమనేది, పొమ్మనేది. నీలం సంగతి ఆయనకు అక్కర్లేదని ఆవిడ ఎగతాళి చేసేది. మరిది పెయింటింగ్ మేస్త్రి, పనులు ఒప్పుకుని మనుషుల్ని పెట్టి చేయిస్తాడు. ఆవిడ ఆయన దగ్గరే పనికి కుదిరింది. అందరూ ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ఉండేవారు. ఆవిడకు పిల్లలు లేరు. మరిదికి ఒక్కతే కూతురు, నాలుగేళ్ళది. ఒక్కచోట నిలవదు కనుక అందరూ పిచ్చుక అనేవారు. పిచ్చుక రెండు వాటాల మధ్యా ఎగురుతూ, రెండు చోట్లా తింటూ, ఎక్కడ నిద్రొస్తే అక్కడ పడుకునేది.

మరిది తెచ్చిన పనుల్లో ఒకటి మాంసం దుకాణం. ఆ యజమాని భుజమెత్తు దాకా ముదురు ఎరుపు వేయమన్నాడు. ఎందుకంటే, "చిందినా కనపడదమ్మా, రోజూ గోడ కడగక్కర్లేదు" అని తన తెలివికి తనే మురిసిపోయాడు. రేకు పెట్టి పాత రంగు గీకుతుంటే కొవ్వు జిగటగా చుట్టలు చుట్టుకుని చేతిమీద పడింది. దాని వెనక ఈగల రెక్కలు, గుడ్లు, ఎండి నల్లబడిన చారలు. గీకినకొద్దీ అదే. ఆవిడ మూడుసార్లు బయటికి వెళ్ళి కక్కుకుని వచ్చి, పని పూర్తి చేసింది. ఆ రోజునుంచి ఎర్ర సీసా మూత తీస్తే చాలు, ముక్కుకు ఆ కొవ్వు వాసన తగిలేది.

తర్వాత ఒక బస్సుల కంపెనీ ఆఫీసులో మరుగుదొడ్ల ముందు నడవా. అక్కడి మేనేజరు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గోడల కింది భాగం చూపించి, "ఇక్కడ మాత్రం పసుపు వేయండి. తేడా తెలీదు" అని గొణిగి పారిపోయాడు. తేడా తెలియకూడనిది ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ నడవాకు మూడు పూతలు పట్టాయి. పసుపు పల్చన, ఒక పట్టాన కమ్మదు. మూడో పూతకు ఆవిడకు నవ్వొచ్చింది. మగవాళ్ళు నిలబడి పాడుచేసిన గోడను ఆడదాన్ని కూర్చోబెట్టి మెరిపిస్తున్నారని. ఆ నవ్వు ఇంటికి వచ్చేదాకా కూడా ఉండలేదు. తండ్రి పెంకు మీద వెలిగిన పసుపును తలుచుకుందామంటే నడవా కంపు అడ్డొచ్చింది.

నీలం జోలికి ఎవరూ రాలేదు. తన వాటాలో కిటికీ ఉన్న గోడకు ఆవిడ తనే నీలం కలిపి వేసుకుంది, ఒక చుక్క ఎరుపు వేసి కొంచెం వెచ్చబరిచి. పొద్దున్నే లేచి, మొహం కడుక్కోకముందే ఆ గోడను కాసేపు చూసేది. అంతకుమించి ఆవిడకు వేరే విలాసం లేదు.

అలా ఉండగా మరిది ఒక పసిపిల్లల బడి పని ఒప్పుకున్నాడు. తల్లులు ఉద్యోగాలకు వెళుతూ పొద్దున్న వదిలి సాయంత్రం తీసుకుపోయే బడి. మూడంతస్తుల భవనంలో కింది అంతస్తు. పిచ్చుక అక్కడికి వెళ్ళబట్టి అప్పటికి ఐదు నెలలు. ఆ ఐదు నెలల్లో పిల్లకు దగ్గు పట్టుకుంది. మందులు వాడితే తగ్గేది, మళ్ళీ మొదలయ్యేది. బడి లేని రోజుల్లో కాస్త తెరిపి ఉండేదని ఎవరూ పైకి అనలేదు.

మొదటిరోజు పనివాళ్ళను కూర్చోబెట్టి ఒకాయన పాఠం చెప్పాడు. ఆయనను అందరూ కలర్ సార్ అంటున్నారు. పిల్లల మనసుకు ఏ రంగు ఏం చేస్తుందో చెప్పడం ఆయన వృత్తి అట. లాప్‌టాప్ తిప్పి చూపించాడు.

"ఎరుపు ఉత్సాహం. అందుకని ఆటల గది ఎరుపు. పసుపు ఆనందం, ఆకలి పుట్టిస్తుంది, భోజనాల గది పసుపు. నీలం ప్రశాంతత. నిద్రగది నీలం. నీలం గదిలో పిల్లలు పడుకోబెట్టగానే నిద్రపోతారు."

మూడు సీసాలమ్మ చెయ్యెత్తింది. "ఏ నీలమండీ?"

"నీలమే. అట్టమీద నంబరు రాశాను."

"ఆ గదికి కిటికీ ఎటుంది? వెలుతురు పడని గదికి ఈ నీలం వేస్తే బావిలో పడుకున్నట్టుంటుంది. పిల్లలు జడుసుకుంటారు."

కలర్ సార్ చిన్నపిల్లను చూసినట్టు చూసి నవ్వాడు. బడి నడిపే మేడమ్ కూడా నవ్వింది. "మీరు నంబరు ప్రకారం వేసేయండమ్మా, చాలు" అంది. ఎరుపు ఉత్సాహమని చెబుతున్నప్పుడే మూడు సీసాలమ్మ నోట్లో నీళ్ళూరాయి, వాంతికి ముందు ఊరేవి. గీకిన కొవ్వు గుర్తొచ్చింది. ఈయన ఒక్క గోడైనా గీకి ఉంటే ఇంత తేలిగ్గా మాట్లాడడు అనుకుంది.

ఎర్ర గది, పసుపు గది వారంలో అయిపోయాయి. నిద్రగదికి వచ్చినరోజు పిల్లల్ని ముందుగదిలో చాపల మీద పడుకోబెట్టారు. మిగతా ఇద్దరు పనివాళ్ళూ పైకప్పు పని మొదలెట్టారు. మూడు సీసాలమ్మ గోడకానించి ఉన్న పొడుగు బీరువాను జరపబోయింది. అది రాలేదు. గోడకు అతుక్కుపోయింది. గట్టిగా లాగితే చప్పుడుతో ఊడి వచ్చింది, దాంతోపాటే వాసన.

తడిగుడ్డల్ని మూటకట్టి నెలరోజులు పెట్టెలో దాచి మూత తీస్తే ఎలా ఉంటుందో అలాంటి వాసన. దాని వెనక ఇంకొకటి, ఇంకా పాతది. ఆవిడకు అది బాగా తెలిసిందే, బస్సుల ఆఫీసు నడవాలో నేర్చుకున్నదే. గోడ మోకాలెత్తునుంచి తలెత్తుదాకా నల్లగా నూగుపట్టి ఉంది. నలుపు అంచున ఆకుపచ్చ బూజు, దాని అంచున తెల్లటి నురగలాంటిది. వేలు పెడితే లోపలికి దిగబడింది. నానిన రొట్టెలో దిగినట్టు దిగింది. వేలు తీస్తే ఆ రంధ్రంలోంచి గోధుమరంగు నీరు సన్నగా కారింది. పై అంతస్తు ఆఫీసువాళ్ళ మరుగుదొడ్డి గొట్టం సరిగ్గా ఆ గోడలోంచే దిగుతుంది.

ఆవిడ చేతిని బట్టకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. ఆ తుడుపు ఆగలేదు.

మూల పిల్లల పరుపులు దొంతిగా పేర్చి ఉన్నాయి. ఏ పరుపు ఎవరిదో తెలియడానికి ఒక్కోదానికి ఒక్కో బొమ్మ కుట్టారు. కిందినుంచి రెండో పరుపుకు పసుపు చేప ఉంది. తోడికోడలు పాత చొక్కా కత్తిరించి కుట్టిన చేప అది. ఆవిడ ఆ పరుపు లాగి తిరగేసింది. అడుగంతా నల్లచుక్కలు, మధ్యలో అరచేయంత తడి మరక. పిల్ల తల పెట్టే చోటు కింద కూడా చుక్కలే.

మరిదిని కేకేసింది. ఆయన వచ్చి గోడను చూసి, "ఊఁ" అన్నాడు. ఆశ్చర్యపోలేదు. అది ఆవిడ గమనించింది.

"నీకు తెలుసా ఇది?"

"తెలుసు వదినా. గది చూపించినప్పుడే మేడమ్ చెప్పింది. కొంచెం చెమ్మ ఉంది, కవర్ చేయండి అంది. గీకి, లప్పం మందంగా పట్టించి, ముదురు నీలం కొట్టేద్దాం. బీరువా ఎలాగూ అడ్డం ఉంటుంది."

"ఇది చెమ్మా? పైవాళ్ళ దొడ్డి నీళ్ళురా ఇవి."

"గొట్టం పైవాళ్ళది. పగలగొట్టాలంటే వాళ్ళు ఒప్పుకోవాలి, బడి నెల మూయాలి. ఆవిడెందుకు మూస్తుంది? మనం రంగు వేసేవాళ్ళం వదినా, గొట్టాలతో మనకేంటి?"

"పిచ్చుక పరుపు చూశావా?"

మరిది పరుపు వైపు చూడలేదు. "పిచ్చుకకి ఇక్కడ ఫీజు లేకుండా సీటు ఇచ్చింది మేడమ్. ఈ పని మంచిగా చేస్తే పెద్ద బడిలో చేరేదాకా ఉంచుకుంటానంది."

మూడు సీసాలమ్మ మరిది పక్కనుంచి దూరం జరిగింది. ఈసారి గోడ వాసనకు కాదు. ఐదు నెలలుగా ఒకే ఇంట్లో, ఒకే గోడ అవతల, ఈ మనిషి ఆ దగ్గు వింటూ పడుకున్నాడు. ఈ గోడ చూశాక కూడా పొద్దున్నే లేచి పిల్లకు మందు పట్టి, చెయ్యి పట్టుకుని ఇక్కడికే తెచ్చి వదిలాడు.

"దగ్గు దీనివల్లే అని నీకు తట్టలేదా?"

"తట్టింది" అన్నాడు, చాలా మెల్లగా. "అందుకేగా, తొందరగా రంగు వేసేస్తే పోతుందని..."

"ఛీ" అంది ఆవిడ.

మరిది సామాను తేవడానికి వెళ్ళాడు. ఆవిడ లప్పం కలపలేదు. గీకే రేకు తీసుకుని మొదలుపెట్టింది. నలుపు పొర, దాని కింద పాత ఆకుపచ్చ, దాని కింద ఇంకెప్పటిదో నీలం, ఆ నీలం వెనక మళ్ళీ నలుపు. అంటే ఇదివరకు కూడా ఎవరో ఒకరు దీన్ని కప్పి వెళ్ళారు. తనలాంటి వాళ్ళే. మాంసం దుకాణంలో తను చేసిందీ ఇదే, నడవాలో చేసిందీ ఇదే. ఎవరి మీద ఉమ్మాలో తెలియక రేకు ఇంకా గట్టిగా నొక్కింది. ముద్దలు ముద్దలుగా గోడ రాలి కాళ్ళ మీద పడింది. ఇటుక కనపడింది. ఇటుకల సందుల్లో సన్నటి తెల్లపురుగులు కదులుతున్నాయి. పైకప్పు పని చేస్తున్న ఇద్దరూ ముక్కులు మూసుకుని నిచ్చెన దిగి బయటికి పోయారు.

తల్లులు వచ్చే వేళకు ఆవిడ గది తలుపు బార్లా తెరిచి, గడప పక్కన నిలబడింది. పరుపులన్నీ తిరగేసి వరసగా పరిచింది.

మొదట వచ్చిన తల్లి కొంగుతో ముక్కు మూసుకుంది. రెండో ఆవిడ "ఏంటిది? ఇదేంటి?" అని అరిచింది. మేడమ్ పరుగున వచ్చి తలుపు మూయబోతే మూడు సీసాలమ్మ అడ్డం నిలబడింది. "రంగు ఆరుతోందండీ, మూయకూడదు" అంది. గదిలో చుక్క రంగు లేదు.

ఆ సమయానికే కలర్ సార్ ఎలా జరుగుతోందో చూడటానికి వచ్చాడు. తల్లుల భుజాల మీదుగా లోపలికి తొంగి, బయటపడిన ఇటుకల్ని చూసి, "ఇలా పచ్చిగా వదిలేయడం ఇప్పుడు ఫ్యాషనే మేడమ్. నేచురల్‌గా ఉంటుంది" అన్నాడు. అనేశాక వాసన తగిలినట్టుంది, మొహం పాలిపోయి రెండడుగులు వెనక్కి వేశాడు.

"లోపలికి రండి సార్. కాసేపు పడుకోండి, ప్రశాంతంగా ఉంటుంది" అని మూడు సీసాలమ్మ పరుపు చూపించింది.

మేడమ్ మరిదిని పిలిచి పని ఆపేయమంది. పిచ్చుకను ఇక తీసుకురావద్దంది. మరిది నిచ్చెనలు మోసుకుపోయాడు.

ఇంటికి వెళ్ళాక ఆవిడ చేప పరుపును తోడికోడలి ముందు పడేసి, మరిదికి ఇది ముందే తెలుసని చెప్పింది. తోడికోడలు దాన్ని తిరగేసి చూసింది. తర్వాత కత్తెర తెచ్చి చేపను ఊడదీసి, పరుపును పెరట్లో తగలబెట్టింది. మొగుడి కంచం వాకిట్లో పెట్టింది, కుక్కకు పెట్టే చోట.

"అక్కా, నాలుగు రోజులు పిల్లను నీ వాటాలో పడుకోబెట్టుకో. ఈ మనిషి ఊపిరి నాకు పడట్లేదు" అంది.

పిల్ల దగ్గు మూడు వారాల్లో తగ్గింది. మరిది వదినతో మాటలు మానేశాడు. ఏదైనా కావాలంటే పిచ్చుకను పంపేవాడు. పిచ్చుక వచ్చి, "పెద్దమ్మా, నాన్న నిచ్చెన ఇమ్మన్నాడు. తను అడిగినట్టు చెప్పొద్దన్నాడు" అనేది. మూడు సీసాలమ్మ సొంతంగా చిన్నాచితకా పనులు చూసుకుంది. నీలం గోడ ముందు పొద్దున్నే కూర్చోవడం మానేసింది. దాన్ని చూస్తే వెనక ఏముందోనని చెయ్యి తడమబోయేది. ఆఖరికి మంచం అటునుంచి ఇటు తిప్పుకుంది.

బడివాళ్ళు వేరే మనుషుల్ని పిలిపించి రెండు రోజుల్లో ఆ గదికి నీలం కొట్టించారు. ముప్పై మంది తల్లుల్లో పిల్లల్ని మాన్పించింది నలుగురే. ఆ సంగతి విన్నప్పుడు మూడు సీసాలమ్మకు మనుషులంటేనే రోత పుట్టింది. చూసి, ముక్కు మూసుకుని, మర్నాడు మళ్ళీ తెచ్చి వదిలారా?

ఒకరోజు వీధిలో ఒకామె ఆవిణ్ణి ఆపింది. ఆరోజు "ఏంటిది" అని అరిచిన తల్లి. చంకలో పిల్లాడు.

"నువ్వు ఆ తలుపు తీయకపోతేనే బాగుండేదమ్మా. అంతకుముందు వదిలి హాయిగా పనికి పోయేదాన్ని. ఇప్పుడు వదిలిన దగ్గరనుంచి సాయంత్రం దాకా కడుపు దేవుతుంటుంది. వేరే చోటు లేదు నాకు. మాన్పిస్తే ఉద్యోగం పోతుంది. చూపించావు సరే, తర్వాత ఏం చేశావు?"

అందరిమీదా రోతపడుతూ మూడు సీసాలమ్మ తన పనేదో తను చూసుకుంది. అంతే చేసింది.

మర్నాడు ఇద్దరూ కలిసి పై అంతస్తు ఆఫీసుకు వెళ్ళారు. అక్కడి పెద్దాయన మొదట వినలేదు. మూడు సీసాలమ్మ వాళ్ళ మరుగుదొడ్డిలోకి తిన్నగా నడిచి, మూలనున్న పలకరాయి మీద కాలేసి నొక్కింది. అది గుచ్చు గుచ్చుమంటూ దిగింది. "ఇంకో నెలాగండి. మీలో ఎవరో ఒకరు కూర్చున్నపళంగా కింద పిల్లల మధ్యకు దిగుతారు" అంది. పెద్దాయన మొహంలో రంగులు మారాయి. పిల్లల దగ్గు వినిపించని మనిషికి ఆ మాట మాత్రం వినిపించింది. వారంలో గొట్టం మార్చారు.

గోడ ఆరడానికి రెండు నెలలు పట్టింది. కొత్త నీలం పొరలు పొరలుగా ఊడి కింద పడటం మొదలుపెట్టింది. మేడమ్ మళ్ళీ మరిదికి కబురు చేసింది. మరిది ఈసారి పిచ్చుకను పంపకుండా తనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, ఆ గది మళ్ళీ చేయమంటున్నారు. నువ్వొచ్చి చూసి సరే అంటేనే ఒప్పుకుంటానని చెప్పాను."

నిజంగా అలా చెప్పాడో, ఆవిడ రాకపోతే పని పాడవుతుందని వచ్చాడో ఆవిడకు తెలియలేదు. అడగనూ లేదు. వెళ్ళింది. పొడిగోడను అరచేత్తో పైనుంచి కిందిదాకా తడిమింది. మేడమ్ అట్టపుస్తకం తెచ్చి, "ఈసారి లేత నీలం..." అనబోయింది.

"తెలుపు" అంది మూడు సీసాలమ్మ. "మచ్చ పడితే పడ్డరోజే కనపడాలి. బీరువా ఇటు వద్దు."

మేడమ్ అట్టపుస్తకం మూసింది.

పని గీకడంతో మొదలైంది. కింది మూలలో పాత నలుపు ఇంకా పట్టి ఉంది, ఎండి గట్టిపడి. ఎవరూ దాని దగ్గరికి వెళ్ళలేదు. మరిది తనే రేకు తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, మూలలోకి దూరి గీకడం మొదలెట్టాడు. ఆ పొడి లేచి మొహం నిండా పడింది. డోకు వచ్చి ఆగాడు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ గీకాడు, మళ్ళీ డోకాడు. ఒకసారి తలెత్తి వదిన వైపు చూశాడు.

ఆవిడ చాలు అనలేదు.